కాటా ప్రోగ్రాముకి వేరే విస్తరి

ఈ మధ్య కొందరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మా ఇంటికొచ్చి, "మీ రోజుల్లో బిల్డు ఎలా చేసేవారు సార్?" అని అడిగారు. 'మీ రోజుల్లో' అనగానే నాకు అక్కడికక్కడే తెల్లగడ్డం మొలిచి భవానీపురం నుంచి కృష్ణ ఒడ్డుదాకా జీరాడినంత పనయింది. నేను ముందుగానే రిటైర్మెంటు తీసుకుని ఇంట్లో కూర్చున్నవాణ్ణే తప్ప తాటాకుల మీద ప్రోగ్రాములు రాసినవాణ్ణి కాదు. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. నా దగ్గర బిల్డు కథ ఒక్కటే ఉంది. అది బూరెల మీదుగా హనుమాన్ జంక్షన్‌లో ఒక కాటా దగ్గరికి వెళ్లి, చివరికి నోరు చేదు చేసి వదులుతుంది. మీ నోటికి నా పూచీ లేదు.

తొంభైల చివరి రోజులు. విజయవాడలో కిళ్లీ కొట్టుకీ కిళ్లీ కొట్టుకీ మధ్య ఖాళీ కనిపిస్తే అక్కడొక కంప్యూటర్ సంస్థ మొలుస్తున్న కాలం. మాది గవర్నర్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేలు దుకాణం పైన మేడ. కింద ఎవరైనా బిందె జారవిడిస్తే పైన మా మానిటర్లు ఉలిక్కిపడి రంగులు మార్చుకునేవి. మెట్లు ఎంత ఇరుకంటే, లావుపాటి కస్టమరు ఎక్కుతుంటే ఆయన పైకొచ్చి, మాట్లాడి, దిగిపోయేదాకా ఆఫీసంతా ఆకలితో మాడాల్సిందే. ఇక మా కంప్యూటర్ల వేగం. బిల్డు మొదలుపెట్టి, కిందికెళ్లి పునుగులు తిని, టీ తాగి, దేశ రాజకీయాలు చక్కబెట్టి వచ్చినా అది ఇంకా మొదటి ప్రోగ్రామునే నములుతూ ఉండేది.

మా ఓనరు గారు పూర్వాశ్రమంలో పెళ్లిళ్ల వంట కాంట్రాక్టరు. కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఆయన గరిటె తగలని పెళ్లి లేదు. డెల్టాలో రైసుమిల్లు ఉన్న ప్రతివాడూ ఆయన పప్పు తిన్నవాడే. ఆ పప్పు పరిచయంతోనే ఒక్కొక్క మిల్లరునీ పట్టుకుని, "మీ మిల్లుకి కంప్యూటర్ పెట్టిస్తానండీ" అని ఒప్పించాడు. పాత వృత్తి వాసన ఆయన్ని వదల్లేదు. ప్రోగ్రామర్లను మాస్టర్లనేవాడు. ప్రోగ్రాం రాయడం ఆయన భాషలో పొయ్యి మీద పెట్టడం, కస్టమరుకి ఇవ్వడం దించడం. ఆఫీసు పనులకి తిరిగేది కూడా పాత వంటల వ్యానులోనే. అందులో ప్రయాణం చేసిన ఫ్లాపీలు నెలరోజులదాకా సాంబారు వాసన కొట్టేవి.

మిల్లు లెక్కలు, కోల్డు స్టోరేజీ, లారీ బుకింగు, లారీలని తూచే కాటా... ఇలా మా దగ్గర ఓ డజను ప్రోగ్రాములుండేవి. అన్నీ ఒకే బిల్డు ఫైల్లోంచి తయారయ్యేవి. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చేది కంపైలర్. ఎలా మార్చాలో దానికి చెప్పే షరతులు ఆప్షన్లు. బిల్డు ఫైలు నెత్తిన ఒక వరుస ఉంటుంది, అది అన్ని ప్రోగ్రాములకీ వర్తిస్తుంది. ఏదైనా ఒకదానికి వేరే పథ్యం కావాలంటే దాని పేరు మీద కింద ఇంకో వరుస విడిగా రాయాలి. మా ఫైల్లో అలాంటి విడి వరుస ఒకే ఒక్కటి. 'కాటా ప్రోగ్రాముకి ఆప్టిమైజేషన్ వద్దు' అని దాని సారాంశం. ఆప్టిమైజేషనంటే ప్రోగ్రాం వేగంగా నడవడానికి కంపైలర్ తన సొంత తెలివి వాడటం.

ఆ వరుస పెట్టింది మా సీనియరు. గుణదల నుంచి లూనా మీద వచ్చే క్యాథలిక్ అమ్మాయి. నేను మేడమ్ అనేవాణ్ణి, ఓనరు "అమ్మాయ్" అనేవాడు. ఆవిడ నోటికి జడిసి వైరసులు కూడా మా ఫ్లాపీల జోలికి వచ్చేవి కావు. వినయం అనే ఆప్షన్ ఆవిడలో ఎవరూ పెట్టలేదు. "ఈ ఊళ్లో సి భాష వచ్చినోళ్లు ఇద్దరే ఇద్దరు. రెండోవాడెవడా అని నేను వెతకతన్నా" అనేది. ఓనరుకి ఆవిడంటే భయం, ఆ భయం మీద కోపం, ఆ కోపం పైకి కనిపించకుండా దాని మీద ఒక నవ్వు.

ఆ వరుస ఊరికే రాలేదు. కాటా మీదికి లారీ ఎక్కుతుంటే తూకం అంకె ఒక్కసారిగా రాదు. కిందనుంచి పైకి పాకుతూ వెళ్లి, కాసేపు ఊగి, ఒకచోట స్థిరపడుతుంది. అందుకని ప్రోగ్రాం ఆ అంకెను ఒకసారి చూసి, కాస్త ఆగి మళ్లీ చూస్తుంది. రెండూ ఒకటే అయితే తూకం ఖాయం చేస్తుంది, లేకపోతే ఇంకా ఆగుతుంది. మొదటిసారి హనుమాన్ జంక్షన్‌లో, రైతుల ధాన్యం తూచే మిల్లర్ల ఉమ్మడి కాటాకి పెట్టినప్పుడు అది ఒక్క క్షణం కూడా ఆగకుండా నోటికొచ్చిన అంకె చెప్పింది. ఆవిడ కాటా పక్కన ఎండలో నిలబడి, వచ్చిన ప్రతి లారీనీ కళ్లతో తూచి, కారణం పట్టుకుని వచ్చింది. ఓనరుకి ఆయన భాషలోనే చెప్పింది.

"వంటవాణ్ణి ఉప్పు చూడమన్నారండీ. చూశాడు. కాసేపాగి మళ్లీ చూడమన్నారు. 'ఇందాకే చూశాగా, నేనైతే మళ్లీ ఏం వెయ్యలేదు' అని, గరిటె ముట్టుకోకుండా పాత రుచే చెప్పాడు. ఈలోపు పక్కోడెవడో గుప్పెడు ఉప్పు కుమ్మరించి పోయాడు. మన కంపైలర్ ఆ వంటవాడు. అంకెను మార్చేది బయటున్న కాటా అని వాడికి తెలవదు. రెండోసారి చూడకుండానే చూశానంటాడు."

"అట్టాంటోణ్ణి మాన్పించెయ్యి అమ్మాయ్."

"వాణ్ణి మాన్పిస్తే మనందరం ఇంటికేనండీ. ఈ ఒక్క ప్రోగ్రాముకి మాత్రం వాడి తెలివి కట్టిపెట్టా. అంతే."

ఆ అంకెను చదివే ప్రోగ్రాం ముక్క కాటా యంత్రం చేసినవాళ్లు ఇచ్చింది. దాన్ని ముట్టుకుంటే మరమ్మతుకి రామని వాళ్ల షరతు. అందుకే ఆ విడి వరుస. అప్పట్నుంచీ కాటా సక్రమంగా నడిచింది. ఎంత సక్రమంగా అంటే, కాటా ఆపరేటరు లారీ ముందు చక్రం నేలలో పరిచిన కాటా రేకు మీద పడగానే మీట నొక్కేసి మళ్లీ పేపర్లో తల దూర్చేవాడు. మిగతా ఓపికంతా ప్రోగ్రామే పట్టేది.

ఇక్కడ ఓనరు గారి తోడల్లుడు రంగప్రవేశం చేయాలి. హైదరాబాదులో ఏదో కోర్సు చేసి, మా సంస్థకి క్వాలిటీ సర్టిఫికెట్ తెప్పిస్తానని వచ్చాడు. మే నెల బెజవాడలో టై కట్టుకుని తిరిగిన ఏకైక ప్రాణి. ఆ టై చూసి గవర్నర్‌పేట ఆటోవాళ్లు దారిచ్చేవారు, ఊపిరాడక పడిపోతాడేమోనని. ఆయన మా బిల్డు ఫైలు తెప్పించుకుని, వేలు పైనుంచి కిందికి జరుపుతూ వచ్చి ఆ విడి వరుస దగ్గర ఆపాడు. మమ్మల్నందరినీ పిలిపించాడు.

"అన్నిటికీ ఆప్టిమైజేషన్ ఉంది. దీనికొక్కదానికే లేదు. ఎందుకని?"

"దానికి పడదు కాబట్టి" అంది ఆవిడ.

"స్టాండర్డ్ అంటే అన్నిటికీ ఒకటే ఉండాలండీ. సర్టిఫికెట్టుకి వచ్చేవాళ్లు మొదట పట్టుకునేది ఇట్టాంటివే."

ఓనరు మొహంలో అప్పటిదాకా ఉన్న నిద్ర ఎగిరిపోయింది. ఆయనకి ఆప్షన్లు తెలియవు గాని వడ్డన తెలుసు.

"అంటే ఏంటి అమ్మాయ్? పంక్తిలో అందరికీ నెయ్యి వేసుకుంటా వచ్చి, కాటా వాళ్ల విస్తరి దగ్గర నేతిగిన్నె ఎత్తేశావా? రేపు ఆ మిల్లర్లకి తెలిస్తే? వడియం పడలేదని వియ్యంకుడు పీటల మీంచి లేచిపోయిన పెళ్లి నేను కళ్లారా చూశా!"

"షుగరున్నాయన కూర్చుంటే ఆయనకీ బూరె వేస్తారాండీ?"

"వేస్తాం! తింటాడా మానతాడా ఆయనిష్టం. విస్తట్లో మాత్రం ఉండాలి. లేకపోతే వేరుగా చూశారని మాటొస్తది."

"ఈయన తింటాడండీ. పెట్టిందల్లా తింటాడు. తిని పడిపోతాడు. ధాన్యం తెచ్చినోళ్లు ఏడుస్తారు."

నేనూ నోరు విప్పాను. "సార్, మేడమ్ చెప్పేది నిజమండీ, మొదట్లో మేం చూశాం గదా..." అన్నాను. తోడల్లుడు నావైపు తిరిగి, "మీరు చూసింది పాత కంపైలర్ అయుండొచ్చు" అన్నాడు. పాతదీ అదే, కొత్తదీ అదే, ఆఫీసులో ఉన్నది అదొక్కటే. కానీ టై కట్టుకున్నవాడు చెప్పేసరికి నాక్కూడా ఒక క్షణం ఇంకోటి ఉందేమో అనిపించింది. ఓనరు చెయ్యి ఊపాడు. తోడల్లుడు తన చేత్తోనే ఆ వరుస చెరిపేశాడు. అన్ని విస్తళ్లలోనూ నెయ్యి పడింది.

"ఈ ఫ్లాపీ నేను తీసుకెళ్లను" అంది ఆవిడ.

"నువ్వు రావాల్సిన పన్లేదు అమ్మాయ్. దించడం మాకొచ్చు" అన్నాడు ఓనరు.

కొత్త ప్రోగ్రామును కోతలకి ముందు హనుమాన్ జంక్షన్‌లో దించారు. నేను వెళ్లాను. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొచ్చి, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఓనరు పద్ధతి ప్రకారం ముందు పూజ. పూజకి లారీ ఉండాలి. ధాన్యం బస్తాల లారీని తెచ్చి కాటా రేకు నట్టనడుమ నిలబెట్టి, బానెట్టుకి బంతిపూల దండ వేసి, పసుపు కుంకాలు పెట్టారు. పంతులు గారు ఆ లారీకి చదివిన మంత్రాలతో మూడు పెళ్లిళ్లు అయిపోయేవి. అప్పుడు కొబ్బరికాయ కొట్టి, కంప్యూటర్ ఆన్ చేసి, మీట నొక్కారు. లారీ ఎక్కి చాలాసేపైంది, అంకె ఎప్పుడో స్థిరపడింది. తూకం చుక్క తేడా లేకుండా వచ్చింది. చప్పట్లు. మిల్లర్ల తరఫు పెద్దమనిషి పులిహోర తింటూ, "బ్రహ్మాండం" అన్నాడు. అది ప్రోగ్రాము గురించో పులిహోర గురించో తెలియదు.

తిరిగొచ్చాక తోడల్లుడు ఆవిడ బల్ల ముందు ఆగి, "బాగానే తూగిందండీ" అన్నాడు.

"లారీ కదిలిందా?" అంది ఆవిడ.

"కదలడానికి అదేమన్నా ఊరేగింపా?"

ఆవిడ నావైపు చూసింది. జరిగింది చెప్పాను. ఆవిడ లేచి ఓనరు గదిలోకి వెళ్లి, కదిలే లారీతో చూసేదాకా ఆపమని అడిగింది. మంచి ముహూర్తాన దించినదాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టడం అశుభం అని సమాధానం వచ్చింది.

కోతలు మొదలయ్యాయి. ట్రాక్టర్లు, లారీలు కాటా ముందు గుడివాడ దాకా బారులు తీరాయి (కొంచెం తక్కువే తీరి ఉండవచ్చు). ఆపరేటరు అలవాటు ప్రకారం చక్రం పడగానే మీట నొక్కడం, పేపర్లో తల పెట్టడం. ప్రోగ్రాం మాత్రం ఇప్పుడు ఆగడంలేదు. అంకె ఇంకా పైకి పాకుతుండగానే పట్టుకుని అదే తూకం అంటోంది. ఒక బండికి కాస్త, ఒక బండికి బాగా, మొత్తానికి ప్రతి బండికీ తరుగు. తక్కువ తూగినన్నాళ్లూ ఏ మిల్లరూ మాకు ఫోను చేయలేదు. అంత ప్రశాంతమైన సీజను మా సర్వీసు చరిత్రలో లేదు.

ఆ ప్రశాంతతను చెడగొట్టింది ఒక కౌలు రైతు. తన బస్తాలు తనే బండికెత్తి తెచ్చిన మనిషి. చీటీ చూసుకుని, బండిని పక్కకి తీయించి, కాటా రేకు మధ్యలో తువ్వాలు పరిచి కూర్చున్నాడు. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. బండ్లు ఆగాక మిల్లర్లకి నొప్పి తెలిసింది. మాకు ఫోనొచ్చింది.

వంటల వ్యాను ఎక్కాం. ముందు ఓనరు, తోడల్లుడు. వెనక గుండిగల మధ్య మేడమ్, నేను. బిల్డు చేసే ఆఫీసు కంప్యూటర్ పెట్టె నా ఒళ్లో, పురిటి బిడ్డలాగా.

మేం వెళ్లేసరికి కాటా చుట్టూ జనం. రైతు నీళ్లు తాగడానికి దిగి, మళ్లీ రేకు ఎక్కబోతున్నాడు. ఆపరేటరు చెయ్యి అలవాటుగా మీట మీద పడింది. చీటీ వచ్చింది. తూకం సున్నా. కౌలు రైతు బరువు సున్నా అని తేల్చిన మొదటి సాఫ్ట్‌వేర్ దేశంలో మాదే అయుంటుంది.

రైతు ఆ చీటీని అందరికీ చూపించాడు. "చూశారా? నేను లేనంట! కంప్యూటరు చెప్తంది! నేనెత్తిన బస్తాలు నాకు తెలవ్వా? నడుం ఇంకా లేవట్లేదు, నడుం అబద్ధం చెప్తదా?"

మిల్లర్ల పెద్దమనిషి ఓనరు మీదికి వచ్చాడు. "ఎవరండీ చేసింది? ఆ చేసినోళ్లని తీసేస్తారా, మీ పెట్టెలన్నీ మిల్లుల్లోంచి తీసకపోతారా? ఇప్పుడే చెప్పండి."

ఓనరు నలువైపులా చూశాడు. తోడల్లుడు టై సర్దుకుంటున్నాడు. ఓనరు చెయ్యి మేడమ్ వైపు తిరిగింది. "ఇదిగో, ఈ అమ్మాయండీ. కాటా ప్రోగ్రాం రాసింది ఈ అమ్మాయే."

అబద్ధం ఒక్క అక్షరం లేదు. ప్రోగ్రాం రాసింది ఆవిడే.

ఆవిడ కాటా గదిలోకి వెళ్లి పెట్టె పెట్టించింది. ఆ వరుస మళ్లీ రాసింది. బిల్డు నడుస్తున్నంతసేపూ బయట జనం, లోపల మేము. జీవితంలో మొదటిసారి పునుగులు లేకుండా చూసిన బిల్డు అది. అయ్యాక పక్కనున్న రైతు బండిని మళ్లీ కాటా ఎక్కించింది. చక్రం పడింది, ఆపరేటరు మీట నొక్కాడు. అంకె పాకింది, ఊగింది. ప్రోగ్రాం ఆగింది. అంకె నిలబడ్డాకే చీటీ ఇచ్చింది. బస్తాలకి సరిపోయింది.

జనంలో గొంతులు తగ్గాయి. ఆ సందులో ఓనరు తన గొంతు పెంచాడు. "తప్పు చేసినవాళ్లతోనే దిద్దించాను చూశారా! అమ్మాయ్, ఈ పెద్దాయనకి సారీ చెప్పు. రేపట్నుంచి ఆఫీసుకి రావద్దు."

రైతు ఆవిడవైపు అయోమయంగా చూశాడు. "నువ్వేనంట గదమ్మా?"

"నీ బస్తాలు నువ్వు సరిగ్గానే చెప్పావు బాబాయ్. ప్రోగ్రాం నాది. ఈ పని నాది కాదు."

"రెండూ ఒకటి కాదా తల్లీ?"

హనుమాన్ జంక్షన్‌లో, ట్రాక్టర్ల హారన్ల మధ్య, కంపైలర్ ఆప్షన్ల గురించి ఒక కౌలు రైతుకి ఎవరు చెప్పగలరు? నేను ప్రయత్నించాను. "ఆవిడ వద్దందయ్యా! ఆ వరుస తీసేసింది ఈ టై ఆయన! నేను అక్కడే ఉన్నా!" అని అరిచాను. "వరుసేంటి? ఎవరికి ఎవరు వరుస?" అన్నాడొకాయన. ఇంకెవరో, "ఇతను ఆవిడ తాలూకా అయుంటాడ్లే" అన్నారు. జనం నవ్వారు. ఓనరు కూడా నవ్వాడు.

ఆవిడ సారీ చెప్పలేదు. రోడ్డు దాటి, ఏలూరు నుంచి వస్తున్న బస్సు ఆపి ఎక్కింది. నేను ఖాళీ గుండిగల మధ్య పెట్టెను ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను. అంతకుముందు తరుగు పోయిన ధాన్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పటికే అది బియ్యమై, అన్నమై, ఎవరి పెళ్లిలోనో వడ్డించేసి ఉంటారు.

సర్టిఫికెట్టు వచ్చింది. వచ్చిన అధికారి బిల్డు ఫైలు చూస్తూ సరిగ్గా ఆ విడి వరుస దగ్గరే ఆగాడు. తోడల్లుడు తడుముకోకుండా, "ప్రతి ప్రోగ్రామునీ విడిగా పరిశీలించి, దాని అవసరాన్ని బట్టి ఆప్షన్ పెట్టడం మా పద్ధతండీ" అన్నాడు. అధికారి మెచ్చుకున్నాడు. సర్టిఫికెట్టుకి పటం కట్టించి గోడకి కొట్టారు. కింద బిందె పడ్డప్పుడల్లా అది వంకర తిరిగేది. సరిచేయడం ఆఫీసులో అందరి డ్యూటీ. నేను చేసేవాణ్ణి కాదు.

ఆవిడ ఊళ్లో చాలా ఆఫీసులకి వెళ్లింది. 'జంక్షన్ కాటా మీరేనా?' అన్న ప్రశ్న ప్రతిచోటా ఆవిడకన్నా ముందే వెళ్లి కుర్చీలో కూర్చుని ఉండేది. చివరికి కంప్యూటర్ సెంటరుగా బోర్డు మార్చుకున్న ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. ఒకసారి చూడబోయాను. పిల్లల చేత ఉత్తరాలు టైపు చేయిస్తోంది. ఎలా ఉన్నారు మేడమ్ అంటే, "హాయిగా ఉన్నానయ్యా. ఇక్కడ ఆప్షన్లు మూడే. బోల్డు, ఇటాలిక్, అండర్‌లైన్" అంది. నవ్వుతుందేమోనని ఆగాను. నవ్వలేదు.

కొన్నేళ్లకి మా సంస్థ మూతపడింది. ఓనరు గరిటె దగ్గరికి తిరిగి వెళ్లి చాలా బాగుపడ్డాడు. రెండు వేల దశకం చివర్లో బెంజిసర్కిల్ దగ్గర ఒక కల్యాణమండపంలో పెళ్లికి వెళితే వంట ఆయనదే. నేను పంక్తిలో కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టి, పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాడు. అప్పటికి నాకు షుగరు వచ్చిందని ఎవరి ద్వారానో తెలిసిందట. బూరెల బుట్ట నా విస్తరి దాకా వచ్చింది. ఓనరు వడ్డించేవాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఈయనకొద్దురా. ఈయనకి పుల్కాలు వేరే చెప్పా, లోపల్నించి తీసుకురా." నావైపు తిరిగి నవ్వాడు. "ఇప్పుడు పద్ధతి మార్చామండీ. ఎవరి ఒంటికి ఏది పడితే అదే. అందరికీ ఒకటే వడ్డిస్తే ఎట్టా?"

"మేడమ్ గుర్తున్నారా?" అన్నాను.

"ఏ మేడమ్?"

"కాటా ప్రోగ్రాం."

"ఆఁ, ఆ తప్పు రాసిన అమ్మాయి! పాపం, పిల్ల మంచిదేనండీ. పొగరు తప్పితే."

ఆయన కళ్లలోకి చూశాను. దొంగచూపు కోసం వెతికాను. లేదు. ఆ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నాడో గాని, ఇప్పుడది ఆయనకి నిజంగా జ్ఞాపకమే.

పుల్కాలు వచ్చాయి. నేను విస్తరి మడిచాను.

"అదేంటండీ, ఇంకా పెరుగు రాలేదు" అన్నాడు ఓనరు కంగారుగా. పక్కవాళ్లు తినడం ఆపి నావైపు చూశారు. పంక్తిలో అందరూ ముగించేదాకా ఒక్కడు లేవకూడదు.

నేను లేచాను.